వీడియో గేములు కూడా కథలు చెప్తాయా?



గోడపత్రికలో వీడియో గేము అనే మాట చూడగానే మన వార్డెన్ సార్‌కు కోపం వస్తుందని నాకు తెలుసు. సార్, ముందుగా మీకు నమస్కారాలు. దయచేసి చివరిదాకా చదివి, తర్వాత తిట్టండి.

ఆ కోపంలో న్యాయం ఉంది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అన్నల ఫోన్లు గుంజుకొని, పొద్దుగూకే దాకా తుపాకీ ఆటలు ఆడినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల వల్ల ఎన్నో ఇళ్ళు అప్పులపాలయ్యాయి. వాటిని నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టమే చేసింది. అటువంటి ఆటలను నేను వెనకేసుకు రావడం లేదు.

నా తప్పు కూడా చెప్తాను. పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక రాత్రి మా తాత కథ మొదలుపెట్టాడు. నేను ఫోన్‌లో ఆడుకుంటూ ఊ కొట్టడం మరిచిపోయాను. తాత కాసేపు చూసి, "ఊ కొట్టేటోడు లేకుంటే కథ ఎవలికి చెప్పాలె రా?" అని పడుకున్నాడు. ఇప్పుడు తాతకు మాట సరిగా రావడం లేదు. ఆ కథ నాకు సగమే తెలుసు.

ఈ మధ్య మా సైన్స్ సార్ తన ల్యాప్‌టాప్‌లో మాకు ఒక ఆట చూపించారు. అది చూసిన రోజు నుంచి తాత మాటే గుర్తుకొస్తున్నది.

అమెరికా దేశంలో ఉత్తరాన అలాస్కా ఉంది. అక్కడ ఇన్యూపియాక్ అనే ఆదివాసులు ఉన్నారు. ఒకప్పుడు అక్కడి బళ్ళలో సొంత భాష మాట్లాడిన ఆదివాసీ పిల్లలను శిక్షించేవారు. అందువల్ల ఆ భాషలు, వాటితో పాటు కథలు తగ్గిపోతూ వచ్చాయి. అప్పుడు కుక్ ఇన్‌లెట్ ట్రైబల్ కౌన్సిల్ అనే ఆదివాసీ సంస్థ, ఒక ఆటల కంపెనీతో కలిసి 2014 నవంబరులో ఒక వీడియో గేము విడుదల చేసింది. ఇంగ్లీషులో దాని పేరు 'నెవర్ అలోన్'. వాళ్ళ భాషలో 'కిసిమా ఇంగిచ్చునా', అంటే 'నేను ఒంటరిని కాను' అని.

కథ ఇది. ఆగకుండా మంచుతుఫాను వీస్తుంటే, అది ఎక్కడ పుడుతుందో చూడడానికి నూనా అనే చిన్న అమ్మాయి బయలుదేరుతుంది. తోడుగా ఒక తెల్లనక్క. ఆటంతా ఒక పెద్దాయన ఇన్యూపియాక్ భాషలోనే కథ చెప్తుంటాడు. కింద అక్షరాలలో అర్థం వస్తుంది.

ఇందులో కొత్త ఏముంది, సినిమాలో కూడా కథ ఉంటుంది కదా అంటారా? సినిమాలో హీరో కష్టపడితే మనం కూర్చొని చూస్తాం. ఇక్కడ ఎదురుగాలి కొట్టినప్పుడు మనం మీట నొక్కి నూనాను కిందికి వంచాలి. లేకపోతే గాలి ఆమెను వెనక్కి విసిరేస్తుంది. నక్క దగ్గరికి పోతే సాయం చేసే ఆత్మలు కనిపిస్తాయి. వాటి మీద కాలు మోపి నూనా దాటుతుంది. ఇద్దరిలో ఎవరు చనిపోయినా మళ్ళీ వెనక నుంచి మొదలుపెట్టాల్సిందే. 'ఒకరికొకరు తోడుండాలి' అని ఎవరూ నీతి చెప్పరు. మన వేళ్ళకే తెలిసిపోతుంది.

నా అభిప్రాయం ఏమిటంటే, ఆటలో మీట నొక్కడం మనం ఊ కొట్టడం లాంటిదే. మనం ఊ కొట్టకపోతే కథ ముందుకు పోదు. అందుకే ముందుముందు కథలు చెప్పడానికి ఇది పెద్ద సాధనం అవుతుందని నేను నమ్ముతున్నాను.

కానీ ఎవరి కథ, ఎవరు చెప్తారు? అసలు సంగతి ఇదే. సినిమాల్లో మనల్ని ఎట్లా చూపిస్తారో మీకు తెలుసు. తలకు ఈకలు, చేతిలో బల్లెం, మంట చుట్టూ గంతులు! రేపు ఆటల్లో కూడా మనల్ని అట్లాగే పెడితే?

అలాస్కా వాళ్ళు అట్లా కానివ్వలేదు. దాదాపు 40 మంది పెద్దలు, కథలు చెప్పేవాళ్ళు, ఊరివాళ్ళు ఆట తయారీలో సాయం చేశారు. ఆ కథను రాబర్ట్ క్లీవ్‌లాండ్ అనే పెద్దాయన చెప్పేవాడు. ఆయన లేడు కాబట్టి ఆయన బిడ్డ దగ్గరికి పోయి అనుమతి అడిగారు. ఆటలో మధ్యమధ్య గుడ్లగూబలు కనిపిస్తాయి. వాటిని చేరితే పెద్దలు తమ బతుకు గురించి చెప్పే చిన్న చిత్రాలు తెరుచుకుంటాయి. అటువంటివి 24 ఉన్నాయి. 2015లో ఆ ఆటకు బ్రిటిష్ వారి బాఫ్టా బహుమతి వచ్చింది.

ఆట ఉంటే ఇంక తాత ఎందుకు అని మీరు అడగవచ్చు. తాత మన ముఖం చూసి కథ పెంచుతాడు, తగ్గిస్తాడు. ఆటకు అది రాదు. ఆట మనల్ని తాత దగ్గరికి పంపించాలి గాని, తాత జాగాలో కూర్చోవద్దు.

మనకు కూడా దారి ఉంది. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. కంప్యూటర్ తెర మీద ఆ అక్షరాలు రాసే వీలు కలిగింది. ఇక కథలకు కొదువా?

అందుకని నా మనవి:

1. ఈసారి సెలవులకు పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక కథ మన భాషలోనే విని రాసుకొని రావాలి. చెప్పినవాళ్ళ పేరు, ఊరు తప్పక రాయాలి.

2. అడగకుండా ఏ కథా తీసుకోవద్దు. పర్ధాన్లు కిక్రి వాయిస్తూ చెప్పే వంశకథలు పెర్సపేన్ పూజతో ముడిపడి ఉంటాయి. అవి ఆటలో పెట్టవచ్చో లేదో పెద్దలే చెప్పాలి.

3. వార్డెన్ సార్, ఆదివారం ఒక్క గంట కంప్యూటర్ గది తెరిపించండి. స్క్రాచ్ అనే ఉచిత ప్రోగ్రాంతో చిన్న ఆటలు తయారు చేయవచ్చు. దానికి నెట్ లేకున్నా నడుస్తుంది. మేము ఆడుకోవడానికి అడగడం లేదు, తయారు చేయడానికి అడుగుతున్నాం.

నేను మాత్రం ముందు ఇంటికి పోయి తాత పక్కన కూర్చుంటాను. ఎంత మెల్లగా చెప్పినా సరే, ఈసారి ఊ కొడతాను.

– పదవ తరగతి విద్యార్థి