మన లెక్క మనమే చెడగొట్టుకోవద్దు



మన గ్రూపులో తిరుగుతున్న "తెలుగువారి జనాభా సర్వే" ఫారం మాలో కొందరం నింపలేదు. ఎందుకని పెద్దలు అడిగారు గనుక అందరి ముందే చెబుతున్నాం.

మొదటి ప్రశ్న చూడండి: "అమ్మభాషపై అభిమానమున్న తెలుగువారిగా మీ పిల్లలకు బడిలో తెలుగు కావాలని కోరుతున్నారా?" దీనికి వద్దని ఎవరు రాస్తారు? రాస్తే అభిమానం లేనివాడైపోతాడు. జవాబును ప్రశ్నలోనే పెట్టి అడిగేది సర్వే కాదు, సంతకాల సేకరణ. సంతకాలే కావాలంటే ఆ మాట చెప్పి అడగండి, పెడతాం.

ఇక నింపింది ఎవరు? గ్రూపులో ఉన్నవాళ్లు, స్మార్ట్‌ఫోను ఉన్నవాళ్లు, ఇప్పటికే సంఘం మీద ఆసక్తి ఉన్నవాళ్లు. ఫస్ట్‌క్లాసు వెయిటింగ్ రూములో తలలు లెక్కపెట్టి రైలంతా ఇలాంటివాళ్లే అన్నట్టుంది. 1936 లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని రాసింది. ఆయన భారీగా గెలిచాడు. ఎంతమంది చెప్పారన్నది కాదు, ఎవరిని అడిగామన్నదే ముఖ్యం.

వేదికల మీద మనవాళ్లు తమిళనాట 40 శాతం తెలుగువారే అంటుంటారు. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షలు, అంటే 6 శాతం లోపు. కొన్ని ఇళ్లలో తమిళమని రాయించుకుని ఉండవచ్చు, కాదనం. కానీ కులం, ఇంటిపేరు చూసి తెలుగు అని కలిపేసుకుంటే అది భాష లెక్క ఎలా అవుతుంది? చిన్నప్పుడు తల్లి ఏ భాషలో మాట్లాడిందో అదే మాతృభాష అని జనగణన వివరించింది. మన ఫారంలో ఆ వివరణ ఏదీ? మేము తమిళ మీడియంలో చదివాం, ఇంట్లో తెలుగు మాట్లాడాం, అక్షరాలు తరువాత నేర్చుకున్నాం. మాట్లాడడం, చదవడం, రాయడం వేరువేరుగా అడగాలి కదా.

అన్నిటికంటే బాధ కలిగించింది ఇంకొకటి. ఫారంలో కులం, ఫోను నంబరు, పిల్లల పేర్లు అడిగారు. ఎవరు చూస్తారో, ఎక్కడ దాస్తారో ఒక్క మాట లేదు. నింపిన పట్టికనే గ్రూపులో పెట్టారు! ప్రభుత్వం తీసే జనగణనకే 1948 చట్టం ఒక్కో ఇంటి వివరాలు బయటపెట్టకూడదని కట్టడి చేసింది. మనకు ఆ మాత్రం మర్యాద వద్దా? ఎందుకు అడుగుతున్నామో చెప్పాలి. వద్దన్నవాళ్లను వదిలేయాలి. వద్దన్నందుకు ఉగాది పిలుపు ఆపుతామనడం బెదిరింపు.

అసలు మనకు కావలసింది శాతం కాదు. తరగతికి 10 మంది, లేదా బడి మొత్తానికి 40 మంది పిల్లలుంటే ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన ఇవ్వాలని 1949 లోనే విద్యామంత్రుల సమావేశం ఒప్పుకుంది. ఏ బడి దగ్గర ఎంతమంది పిల్లలు, తల్లిదండ్రులు నిజంగా కోరుతున్నారా, ఇది తేలితే అర్జీకి బలం. 40 శాతం అని రాస్తే అధికారి మొదటి పేజీలోనే నవ్వి పక్కన పెడతాడు.

ఆ పట్టికను ఈరోజే గ్రూపులోంచి తీసేయండి. ఇంటింటికీ వెళ్లి అడగడానికి మేము నలుగురం సిద్ధం, ఆదివారం ఉదయాలు మాకు ఖాళీనే.