3.1 శాతం ఎందుకు పెరిగింది, సున్నా ఎలా అయింది?

‘నగరాన్ని తుడిచిపెట్టే గ్రహశకలం వస్తోంది’. 2025 ఫిబ్రవరిలో ఈ మాటతో వచ్చిన ఫార్వర్డ్‌ మీ క్లాస్‌ గ్రూపులోనూ తిరిగే ఉంటుంది. వారం తిరక్కుండానే ‘భయం లేదు, తాకదట’ అని మరొకటి వచ్చింది. చాలామంది ‘ఈ సైంటిస్టులు ఇంతే’ అని నవ్వుకుని వదిలేశారు. పోటీ పరీక్షలకు చదివేవారు మాత్రం అలా వదిలేయకూడదు. సైన్స్‌ వార్తలో ఉండే అంకెను ఎలా చదవాలో నేర్పడానికి ఈమధ్య కాలంలో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ప్రిలిమ్స్‌ బిట్టు, మెయిన్స్‌ వ్యాసం, ఇంటర్వ్యూ ప్రశ్న... మూడూ ఇందులోనే ఉన్నాయి.

ఏం జరిగింది?

2024 డిసెంబరు 27న చిలీలోని అట్లాస్‌ టెలిస్కోపు ఒక కొత్త గ్రహశకలాన్ని పట్టుకుంది. పేరు 2024 వైఆర్‌4. ఈ పేరులోనే సమాచారం ఉంది. ‘వై’ అంటే డిసెంబరు రెండో సగం. ‘ఆర్‌4’ అంటే ఆ పక్షం రోజుల్లో నమోదైన 117వది అని. అప్పటికే అది భూమిని దాటి వెళ్లిపోయింది. డిసెంబరు 25న సుమారు 8.29 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి వెళ్లింది. అంటే చూడటం మొదలుపెట్టేసరికే దూరమవుతూ, రోజురోజుకీ మసకబారుతోంది.

అది 2032 డిసెంబరు 22న మళ్లీ మన దగ్గరికి వస్తుందని లెక్క తేలింది. ఢీకొనే అవకాశం 1 శాతం దాటడంతో 2025 జనవరి 29న అంతర్జాతీయ గ్రహశకల హెచ్చరికల నెట్‌వర్క్‌ నోటీసు ఇచ్చింది. పది మీటర్ల కంటే పెద్ద గ్రహశకలం తాకే అవకాశం 1 శాతం దాటితే హెచ్చరిక జారీ చేయాలన్నది వారి నియమం. ఫిబ్రవరి 18కి నాసా లెక్కలో ఆ అవకాశం 3.1 శాతానికి చేరింది, అంటే 32లో 1. మర్నాడు 1.5 శాతం. ఫిబ్రవరి 20న 0.28 శాతం. 24వ తేదీకి 0.004 శాతం. ప్రమాదం ముగిసింది.

ఆరు రోజుల్లో ఇంత మార్పు! శాస్త్రవేత్తలు తప్పు చేశారా? లేదు. 3.1 ఎంత సరైన లెక్కో, 0.004 కూడా అంతే సరైన లెక్క. కాకపోతే ఒక్కోటి ఒక్కో రోజుది.

చీటీల లెక్క

దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక బల్ల మీద వంద చీటీలు వరుసగా పేర్చండి. 2032 డిసెంబరు 22న ఆ గ్రహశకలం ఉండగల ఒక్కో చోటుకు ఒక్కో చీటీ. వాటిలో ఒక్కదాని మీదే ‘భూమి’ అని రాసి ఉంది. ఇప్పుడు తాకే అవకాశం 100లో 1, అంటే 1 శాతం.

మరికొన్ని రాత్రులు టెలిస్కోపుతో చూశారు. కక్ష్య ఇంకాస్త కచ్చితంగా తెలిసింది. దాంతో రెండు చివర్ల నుంచీ కొన్ని చీటీలు తీసేశారు. ‘భూమి’ చీటీ ఇంకా బల్ల మీదే ఉంది. 50 చీటీలు మిగిలితే అవకాశం 2 శాతం. 32 మిగిలితే 3.1 శాతం. గమనించారా? గ్రహశకలం మన వైపు ఒక్క అంగుళం కూడా జరగలేదు. మనకు తెలియనిది తగ్గింది, అంతే. తెలియనిది తగ్గుతూ, భూమి ఇంకా వరుసలోనే ఉన్నంతకాలం శాతం పెరుగుతూనే ఉంటుంది.

మరో రెండు రాత్రులు చూశాక ‘భూమి’ చీటీ వరుస చివరికి చేరింది. అంచున ఉన్న చోట్లకు అవకాశం మధ్యలో వాటి కంటే బాగా తక్కువ. అందుకే 1.5కు, ఆపై 0.28కి దిగింది. చివరికి ఆ చీటీ కూడా బల్ల దిగిపోయింది. చాలా గ్రహశకలాల విషయంలో ఇదే వరుస. శాతం ముందు పెరుగుతుంది, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. పెరిగిన రోజు శీర్షిక పెద్దక్షరాల్లో వస్తుంది. పడిపోయిన రోజు లోపలి పేజీలో రెండు లైన్లు వస్తుంది. మొదటిది మాత్రమే చదివినవారికి సగం వార్తే తెలుస్తుంది.

ఇది ‘నాన్నా పులి’ కథ కాదు

‘ముందు భయపెట్టి, తర్వాత ఏమీ లేదన్నారు’ అన్న విమర్శ ఉంది. ఇదే ఇంటర్వ్యూలో బోర్డు అడగదగ్గ ప్రశ్న. దీనికి జవాబు మన తీరంలోనే ఉంది.

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిన రోజు వాతావరణ శాఖ మ్యాప్‌లో గరాటు ఆకారం కనిపిస్తుంది. అందులో నెల్లూరు ఉండొచ్చు, కాకినాడ ఉండొచ్చు, గోపాల్‌పూర్‌ కూడా ఉండొచ్చు. రోజులు గడిచేకొద్దీ గరాటు సన్నబడుతుంది. చివరికి తుపాను కాకినాడ దగ్గర తీరం దాటితే, నెల్లూరుకు ముందు చెప్పిన హెచ్చరిక అబద్ధమైపోదు. ఆ రోజుకు తెలిసిన దాన్నిబట్టి అది సరైనదే. పడవలను ఒడ్డుకు చేర్చిన మత్స్యకారుడు ‘మోసపోయాను’ అనుకోడు.

నాన్నా పులి కథలో కుర్రాడు పులిని చూడకుండానే అరిచాడు. ఇక్కడ చూసింది చూసినట్టు, ఎంత తెలుసో అంతే చెప్పారు. పైగా 3.1 శాతం అన్న రోజున కూడా 96.9 శాతం తాకదని అదే లెక్క చెప్పింది. ఆ సంగతి శీర్షికల్లోకి ఎక్కలేదు. ఈ తేడా తెలియకపోతే అసలు నష్టం మనకే. రేపు నిజంగా స్పందించాల్సిన హెచ్చరిక వచ్చినా ‘అప్పుడూ ఇలాగే అన్నారు’ అని కొట్టిపారేస్తాం. విపత్తు నిర్వహణ మీద మెయిన్స్‌ వ్యాసం రాసేవారు ఈ పాయింటును వదలొద్దు.

అప్పట్లో వచ్చిన ప్రమాద మార్గం మ్యాప్‌ సంగతీ ఇంతే. తూర్పు పసిఫిక్‌ నుంచి దక్షిణ అమెరికా ఉత్తర భాగం, అట్లాంటిక్‌, ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా దక్షిణాసియా దాకా ఒక గీత గీశారు. ‘ఒకవేళ తాకితే ఈ గీత మీద ఎక్కడో ఒకచోట’ అని దానర్థం. మన ఛానళ్లలో అది ‘ముంబయికి ముప్పు’ అయింది. ‘ఒకవేళ’ అన్న మాట దారిలో పడిపోయింది.

అంకె పక్కన తేదీ ఉండాలి

2025 మార్చిలో జేమ్స్‌ వెబ్‌ టెలిస్కోపు దీన్ని చూసి, వెడల్పు సుమారు 60 మీటర్లని తేల్చింది. చార్మినార్‌ ఎత్తుకు కాస్త అటూఇటూ. భూమికి ముప్పు తొలగినా చంద్రుడి పేరున్న చీటీ బల్ల మీదే మిగిలింది. 2025 జూన్‌ నాటి లెక్క ప్రకారం చంద్రుణ్ని తాకే అవకాశం 4.3 శాతం. ఈ అంకెను ‘2025 జూన్‌’ అన్న మాటతో కలిపే గుర్తుపెట్టుకోండి. మీ పరీక్ష ముందు మరోసారి సరిచూసుకోండి. తేదీ లేని అంకె గడువు తేదీ చెరిగిపోయిన మందు సీసా లాంటిది.

బిట్‌ బ్యాంకులతో వచ్చే చిక్కు ఇదే. ‘2024 వైఆర్‌4 ఢీకొనే అవకాశం - 3.1 శాతం’ అని ఒక లైను అచ్చయితే, అది ఏళ్ల తరబడి జిరాక్సుల్లో తిరుగుతుంది. నెగెటివ్‌ మార్కులున్న పరీక్షలో పాత అంకె ఏమీ తెలియకపోవడం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.

నిజంగా తాకేదే అయితే?

ఎంత చిన్నదైనా తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్‌ మీద గాల్లో పేలిపోయిన శకలం సుమారు 20 మీటర్లే. అయినా 1,500 మంది దాకా గాయపడ్డారు, ఎక్కువమంది పగిలిన గాజు పెంకులతోనే. సూర్యుడి వైపు నుంచి రావడంతో ముందుగా ఎవరికీ కనిపించలేదు.

చేతులు కట్టుకుని కూర్చునే రోజులు మాత్రం పోయాయి. 2022 సెప్టెంబరు 26న నాసా డార్ట్‌ వ్యోమనౌక డైమోర్ఫోస్‌ అనే చిన్న గ్రహశకలాన్ని కావాలనే ఢీకొట్టింది. డిడిమోస్‌ చుట్టూ అది తిరిగే సమయం 11 గంటల 55 నిమిషాల నుంచి సుమారు 32 నిమిషాలు తగ్గింది. ఒక ఖగోళ వస్తువు కదలికను మనిషి కావాలని మార్చడం అదే మొదటిసారి. ఆ దెబ్బ ఫలితాన్ని దగ్గర నుంచి పరిశీలించడానికి ఐరోపా అంతరిక్ష సంస్థ 2024 అక్టోబరు 7న హెరా నౌకను పంపింది.

మరో పేరు అపోఫిస్‌. 2004 డిసెంబరులో దాని అవకాశం 2.7 శాతానికి చేరింది. 2021 నాటి రాడార్‌ పరిశీలనలతో కనీసం వందేళ్లు ముప్పు లేదని తేలింది. 2029 ఏప్రిల్‌ 13న అది భూమికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరంలో, అంటే మన భూస్థిర ఉపగ్రహాల కంటే దగ్గరగా వెళ్తుంది. ఐక్యరాజ్యసమితి 2029ని గ్రహశకలాలపై అవగాహన, గ్రహ రక్షణ సంవత్సరంగా ప్రకటించింది.

ఇలాంటి వార్తలు ఇకపై పెరుగుతాయి. చిలీలోని వెరా రూబిన్‌ వేధశాల 2025 జూన్‌లో తొలి చిత్రాలు విడుదల చేసింది. సుమారు పది గంటల పరిశీలనలోనే 2,104 కొత్త గ్రహశకలాలు బయటపడ్డాయి. వాటిలో భూమికి సమీపంగా వచ్చేవి ఏడు. వాటిలో ఏదీ ప్రమాదకరం కాదు. కొత్త రాళ్లు పుట్టుకురావడం లేదు, మన చూపు పదునెక్కుతోంది. కనుక కొత్త శాతాలూ వస్తూనే ఉంటాయి.

హైదరాబాద్‌కు ఇందులో పాత్ర ఉంది

గ్రహశకలం ఎక్కడుందో చెప్పాలంటే వెనకున్న నక్షత్రాలతో పోల్చి కొలవాలి. అంటే ముందు నక్షత్రాల పటం ఉండాలి. వందేళ్ల కిందట ప్రపంచ వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఆ పని చేశాయి. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య పట్టీని హైదరాబాద్‌లోని నిజామియా వేధశాల కొలిచింది. ఆ వేధశాల తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమైంది. తెలంగాణ చరిత్ర, సైన్స్‌ కలిసే ఈ విషయం రాష్ట్ర స్థాయి పరీక్షలకు పనికొస్తుంది.

పరీక్షలో ఎలా?

ఈ మూడు వాక్యాల్లో ఏవి సరైనవో చెప్పండి.

1. టోరినో స్కేలు ఢీకొనే అవకాశాన్ని మాత్రమే సూచిస్తుంది.
2. 2024 వైఆర్‌4 పొందిన గరిష్ఠ టోరినో రేటింగ్‌ అపోఫిస్‌ కంటే ఎక్కువ.
3. డార్ట్‌ ప్రయోగంలో డైమోర్ఫోస్‌ పూర్తిగా ధ్వంసమైంది.

మూడూ తప్పే. టోరినో స్కేలు 0 నుంచి 10 వరకు ఉంటుంది. ఢీకొనే అవకాశంతో పాటు విడుదలయ్యే శక్తినీ లెక్కలోకి తీసుకుంటుంది. వైఆర్‌4 గరిష్ఠంగా 3కు చేరింది, అపోఫిస్‌ 4కు. డార్ట్‌ మార్చింది కక్ష్యా సమయాన్ని.

ఇంటర్వ్యూలో ‘శాస్త్రవేత్తలు అనవసరంగా భయపెట్టారా?’ అని అడిగితే అవును, కాదు అని తేల్చేయకండి. హెచ్చరికకు ముందే రాసుకున్న నియమం ఉందని చెప్పండి. పరిశీలనలు పెరిగేకొద్దీ శాతం ఎందుకు పెరిగి పడిపోతుందో రెండు వాక్యాల్లో వివరించండి. తుపాను ఉదాహరణతో ముగించండి. ఇలా ఆలోచించడం ఖగోళ శాస్త్రానికే పరిమితం కాదు. బ్యాంకులో రుణ ముప్పును అంచనా వేసే ఉద్యోగికీ, బీమా లెక్కలు వేసే వారికీ, మందుల ప్రయోగ ఫలితాలు చదివే ఫార్మా గ్రాడ్యుయేట్‌కూ కావాల్సింది ఇదే. స్టాటిస్టిక్స్‌ను పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేసినవారు మరోసారి ఆ పుస్తకం తీయడం మంచిది.

ఈ రోజు నుంచే ఒక పని చేయండి. కరెంట్‌ అఫైర్స్‌ నోట్సులో సైన్స్‌ వార్తలకు మూడు గడులు గీయండి: అంకె, ఆ అంకె తేదీ, తర్వాత ఏమైంది. మొదటి రెండు గడులు వార్త వచ్చిన రోజే నిండుతాయి. మూడోదాన్ని ఖాళీగా ఉంచి, నెలకోసారి వెనక్కి తిరిగి నింపండి. మార్కులు తెచ్చేది ఎక్కువగా ఆ మూడో గడే.