పేరు లేని ప్రశ్న: రక్షణ ఎవరికి, బాధ్యత ఎవరిది?

ఇంట్లో హింసను భరిస్తూ సలహా కోరే గృహిణి, మానసిక వ్యాధికి చికిత్స పొందుతున్న ఉద్యోగి, పై అధికారి అక్రమాన్ని కళ్లారా చూసిన గుమాస్తా. ఈ ముగ్గురికీ అడగవలసిన ప్రశ్నలున్నాయి. వాటి కింద తమ పేరు రాసే వీలు మాత్రం లేదు. అంతర్జాలంలోని ప్రశ్నోత్తర వేదికలు అజ్ఞాతంగా రాసే సౌకర్యం కల్పించడానికి మూలకారణం ఇలాంటివారే. అయితే ఇతరుల పరువు తీసేవారు, బెదిరించేవారు కూడా అదే చాటును ఆశ్రయిస్తున్నారు. అందువల్ల ఈ సౌకర్యం ఉండాలా, వద్దా అన్న చర్చ తరచూ తలెత్తుతోంది.

తెలుగు పాఠకులకు ఈ పద్ధతి కొత్త కాదు. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ 'ప్రమదావనం' శీర్షిక ద్వారా దశాబ్దాల పాటు పాఠకుల సందేహాలకు సమాధానాలిచ్చారు. పత్రికల్లోని ఇటువంటి శీర్షికలకు పేరు ప్రకటించవద్దని కోరుతూ ఉత్తరాలు రావడం పరిపాటి. అయితే అక్కడ ప్రశ్నకూ, ప్రచురణకూ మధ్య సంపాదకుడు ఉండేవాడు. ఏది అచ్చు వేయాలో, ఏది పక్కన పెట్టాలో ఆయన నిర్ణయించేవాడు. అంతర్జాలంలో తగ్గింది అజ్ఞాతం కాదు, ఆ మధ్యవర్తి పాత్ర.

ఫేస్‌బుక్ పూర్వ ఉద్యోగులు ఆడమ్ డి ఏంజెలో, చార్లీ చీవర్ 2009లో నెలకొల్పిన కోరా అనుభవం ఇందుకు నిదర్శనం. సభ్యులు అసలు పేరుతోనే చేరాలన్న నియమంతో పాటు, అవసరమైనప్పుడు పేరు దాచి రాసే వీలునూ ఆ సంస్థ కల్పించింది. దుర్వినియోగం పెరగడంతో 2017లో పద్ధతి మార్చింది. అజ్ఞాత రచనలకు సభ్యుల ఖాతాలతో ఉన్న ముడిని తెంచి, వాటిని ముందుగా పరిశీలించే ఏర్పాటు చేసింది. ఆ మార్పు విలువ మరుసటి ఏడాదే తెలిసివచ్చింది. 2018 డిసెంబరులో దాదాపు 10 కోట్ల మంది సభ్యుల సమాచారం అపరిచితుల చేతికి చిక్కినా, అజ్ఞాతంగా రాసినవారి వివరాలు తాము భద్రపరచనందున వారికి ముప్పు లేదని సంస్థ ప్రకటించింది. లేని చిట్టాను ఎవరూ దొంగిలించలేరు.

దీనికి భిన్నమైన మార్గం ఎంచుకున్న దేశం దక్షిణ కొరియా. పెద్ద వెబ్‌సైట్లలో అభిప్రాయాలు రాసేవారి గుర్తింపును ధ్రువీకరించాలని 2007లో అక్కడ నిబంధన అమలులోకి వచ్చింది. 2011లో ఒక ప్రముఖ సంస్థ నుంచి సుమారు 3.5 కోట్ల మంది వివరాలు బయటికి పొక్కాయి. 2012 ఆగస్టులో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిబంధనను కొట్టివేసింది.

భారత చట్టాలు ఈ సమస్య రెండు పార్శ్వాలనూ గుర్తించాయి. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పునిచ్చింది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ ప్రకారం అత్యాచార బాధితుల గుర్తింపును వెల్లడించడం నేరం. అదే సంహితలోని 351వ సెక్షన్ అజ్ఞాతంగా బెదిరించేవారికి రెండేళ్ల వరకు అదనపు జైలుశిక్ష విధిస్తోంది. అంటే చట్టం దృష్టిలో పేరు దాచడం నేరం కాదు. పేరు దాచి చేసిన పనిని బట్టే విచారణ.

ఇక్కడే అసలు చిక్కు ఎదురవుతోంది. పాఠకులకు పేరు తెలియకపోవడం ఒకటి, వేదికకే తెలియకపోవడం మరొకటి. వేదిక వివరాలు భద్రపరిస్తే కోర్టు అడిగినప్పుడు ఇవ్వగలదు, కానీ అవి ఏనాటికైనా బయటపడే ప్రమాదం ఉంటుంది. భద్రపరచకపోతే ప్రశ్నించినవారికి ధీమా దక్కుతుంది, కానీ నిందకు గురైనవారికి న్యాయం దొరికే దారి ఇరుకవుతుంది. రెండు ప్రయోజనాలనూ పూర్తిగా నెరవేర్చే విధానం ఏదీ లేదు.

ప్రాంతీయ భాషల్లో ఈ చిక్కు మరింత జటిలం. రాసేవారి వలయం చిన్నది. ఊరు, కులం, ఉద్యోగం, పిల్లల సంఖ్య చెబితే చాలు, పేరు లేకపోయినా ఎరిగినవారు పోల్చుకుంటారు. కాబట్టి పేరు తొలగించినంత మాత్రాన రక్షణ పూర్తయినట్లు కాదు. ఏ వివరాలు ఆనవాళ్లు పట్టిస్తాయో ప్రచురణకు ముందే హెచ్చరించడం వేదికల బాధ్యత. తెలుగు వంటి భాషల్లో వచ్చే రాతలను ఆ భాష, ఆ సమాజం తెలిసినవారు పరిశీలించడం అంతకంటే అవసరం.

అజ్ఞాతాన్ని పూర్తిగా నిషేధిస్తే దూషకులు దొంగ పేర్లతో తిరిగి వస్తారు. ఆ గృహిణి మాత్రం తిరిగి రాదు. తన ప్రశ్నను తనలోనే దాచుకుంటుంది. పేరు లేని ప్రతి రాతకూ వేదిక తన పేరుతో బాధ్యత వహించగలిగినప్పుడే ఆమెకు భద్రత, ఇతరులకు గౌరవం దక్కుతాయి.