మాటల మూట: లలిత సంగీతం

లలిత సంగీతమంటే లలితమైన సంగీతమని పిల్లలు సైతం చెబుతారు. అయితే త్యాగరాజస్వామి కీర్తన లలితం కాదా? సంగీతమంతా లలితకళల్లో ఒకటని ఒప్పుకున్నాక, అందులో మళ్ళీ ఒక ముక్కకే లలితమని పేరు పెట్టడమేమిటి? పైగా లలిత అనే రాగం వేరే ఉండనే ఉంది!

చిక్కంతా రేడియో తెచ్చింది. శాస్త్రీయం కానిదీ, జానపదం కానిదీ, సినిమా పాట అంతకన్నా కానిదీ ఒకటుంటే, దానిని ఇంగ్లీషులో "లైట్ మ్యూజిక్" అన్నారు. బి.బి.సి. వారు 1945లో "లైట్ ప్రోగ్రాం" అని ఏకంగా ఒక ప్రసారమే పెట్టారు. లైట్ అంటే ఇక్కడ దీపం కాదు, తేలిక. అందులో కాస్త చిన్నచూపు లేకపోలేదు.

ఆ మాటను ఎవరి భాషలోకి వారు దించుకున్న తీరు చూడండి. హిందీవారూ, కన్నడంవారూ "సుగమ" సంగీతమన్నారు. నడవడానికి సులువైన బాట అన్నమాట. తమిళులు "మెల్లిసై" అన్నారు, మెత్తని పాట. మనమూ, మలయాళులూ "లలిత" అన్నాం. సంస్కృతంలో దీని ధాతువుకు ఆట, విలాసం అని అర్థం. ఆపైన ముద్దు, సొగసు, సుకుమారం వచ్చి చేరాయి. బరువు తక్కువన్న అర్థం ఎక్కడా లేదు. అనువాదంలో పాట పరువు దక్కింది! "తేలిక సంగీతం" అని ఉంటే నేర్చుకోమని పిల్లలను ఎవరు పంపేవారు?

పేరుకు తగిన సరుకు అందించినవారిలో గోదావరి నీళ్ళు తాగినవారు తక్కువ కాదు. 1920లో నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1941లో మద్రాసు రేడియోలో చేరారు. పాట రాసేదీ వారే, వరుస కట్టేదీ వారే. 1947 ఆగస్టు 15న ఆ రేడియోలో టంగుటూరి సూర్యకుమారి పాడిన స్వాతంత్ర్య గీతం వారిదే. పిఠాపురం కృష్ణశాస్త్రిగారి గీతాల సంగతి చెప్పేదేముంది! 1952లో కేస్కర్‌గారు మంత్రి అయి రేడియోలో సినిమా పాటలను బాగా తగ్గించాక, ఈ పాటల అవసరం మరీ పెరిగింది.

కోనసీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన బాలమురళీకృష్ణగారు డెబ్బైరెండు మేళకర్తల్లోనూ కీర్తనలు కట్టిన విద్వాంసులు. విజయవాడ కేంద్రంలో వారు లలిత గీతాలూ పాడారు. కీర్తనలో ఒక్క మాట మీద ఎన్ని సంగతులైనా వేసుకోవచ్చు. ఇక్కడ నాలుగైదు నిమిషాల్లో పల్లవీ, చరణాలూ ముగియాలి. ప్రతి మాటా విడిగా వినబడాలి, భావం చెడకూడదు. తేలిక అని పేరు పెట్టిన దొరలెవరో గాని, ఒక్క చరణం పాడి చూడవలసింది.