చదువరి నడపెడి నవల

బాలికలు సెల్‌ఫోను చేతబట్టి గంటలకొలది కూర్చుండగా, ఆటలలో బడి చెడిపోవుచున్నారని మనము విసుగుకొనుట పరిపాటి. అయినను ఆ తెరమీది యాటలన్నియు నొక్క తీరువి కావు. జపానుదేశమున బుట్టిన “విజువల్ నావెల్” అను జాతి యొకటి వానిలో గలదు. దానిని మనము దృశ్యనవల యనవచ్చును. అందు చేయవలసిన పని ముఖ్యముగా జదువుటయే. కావున దానిని వద్దనుటకు ముందు అదెట్టిదో యెఱుంగుట మేలు.

తెరపై నొక యిల్లో వీధియో చిత్రింపబడి యుండును. దాని ముందు పాత్రల బొమ్మలు నిలుచును. క్రింద వారి సంభాషణము అక్షరములలో గనబడును. కొన్నిటిలో నటుల కంఠములును వినబడును. వ్రేలితో దాకిన కొలది వాక్యములు వచ్చుచుండును. నడుమ నొకచో గథ నిలిచి, “ఇప్పుడేమి చేయుదువు?” అని చదువరినే యడిగి, రెండు మూడు మార్గములు చూపును. ఎంచుకొన్న మార్గమును బట్టి కథయు, ముగింపును మాఱును.

మన గోదావరి తీరపు నవలతోనే దీనిని పోల్చి చూతము. కందుకూరి వీరేశలింగము పంతులుగారి “రాజశేఖర చరిత్రము” 1878లో వెలువడ నారంభించినది. ధవళేశ్వరమున మొదలగు నా కథలో, బంగారము చేసి యిచ్చెదనన్న బైరాగిని నమ్మి రాజశేఖరుడు తన యింటి సొమ్ము పోగొట్టుకొనును. “అయ్యో, నమ్మకుము!” అని మన మెంత యనుకొన్నను అతనికి వినబడదు. అదియే దృశ్యనవల యైనచో, నగలు బైరాగి చేతికిచ్చుటయా, వీధిగుమ్మము చూపుటయా యని మనలనే యడుగును. ఇచ్చితిమా, ఆ నష్టము మనము కొనితెచ్చుకొన్నదే యగును. పంపివేసితిమా, ఇంట జేరిన ముఖస్తుతిపరుల మాటేమని మఱియొక ప్రశ్న యెదురగును.

జపానులో 1983లో యూజి హోరీ రచించిన “పోర్టోపియా” యను హత్యాపరిశోధన కథ యీ జాతికి పూర్వరూపము. 1992లో చున్‌సాఫ్ట్ సంస్థవారి “ఒతొగిరిసో” వచ్చినది. స్త్రీల కొఱకై 1994లో కోయీ సంస్థవారు వెలువరించిన “ఏంజెలీక్” దీనికి దగ్గఱి చుట్టము. ఆ సంస్థను స్థాపించిన వారిలో నొకరగు కేయికో ఎరికావాగారి పూనికతో నేర్పడిన స్త్రీల బృందమే దానిని నిర్మించినది. అందలి కన్య రాణి కాదగునో, వలచినవానిని వరింపదగునో ఆడువారే నిర్ణయింతురు. అట్టివానికి జపానులో “ఒతోమె”, అనగా కన్యల, ఆటలని పేరు.

అన్నియు బిల్లలకు దగినవి కావు. 2017లో అమెరికాలో వెలువడిన “డోకిడోకి లిటరేచర్ క్లబ్” పైకి ముద్దులొలుకు బడిపిల్లల కథ. లోపల ఆత్మహత్యవంటి భయంకర విషయములు గలవు. పెద్దలకు మాత్రమే యుద్దేశింపబడినవియు బెక్కు గలవు. బొమ్మ యందము చూచి మోసపోక, వయస్సునుగూర్చిన సూచనను మొదట జదువుడు.

తరువాత బిడ్డ ప్రక్కను గూర్చుండి, “అమ్మాయీ, ఈ దారి యేల పట్టితివి?” అని యడుగుడు. మందలింపునకు జెప్పని మనసులోని మాట ఆ ప్రశ్నకు జెప్పవచ్చును. కథలు వ్రాయు నుత్సాహము గలదేని, 2004లో మొదట వెలువడిన “రెన్‌పై” యను సాధన ముచితముగా లభించును. రాజమహేంద్రవరపు మేడలో నున్నను, కోనసీమ కొబ్బరితోటలో నున్నను, కంప్యూటరు గల బాలిక దానితో దన దృశ్యనవలను దానే కూర్చుకొనవచ్చును.