‘నెష్’ తప్పు మాటేనా?



డిసెంబరు వస్తే చాలు, పిల్లల డైరీల్లో ఒకటే మాట: "మావాడు చలికి అస్సలు ఆగలేడు మేడమ్, కిటికీ పక్కన కూర్చోబెట్టకండి." ఇంత వాక్యానికి ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్, డెర్బీషైర్ వైపు ఒక్క మాట ఉంది: నెష్. కాస్త చలిగాలికే ముడుచుకుపోయేవాళ్లను అక్కడివాళ్లు ఇప్పటికీ అలాగే ఆటపట్టిస్తారు.

మన టెక్స్ట్ బుక్స్‌లో ఈ మాట ఉండదు. పరీక్షలో రాస్తే మార్కు పోతుంది, అందులో సందేహం లేదు. కానీ దాని పుట్టుక చూడండి. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఇది ‘హ్నెషె’. అర్థం మెత్తనిది, లేతది. మెత్తదనం నుంచి బలహీనతకు, అక్కడి నుంచి చలికి ఓర్వలేకపోవడానికి జరిగింది. మనం "వాడు వట్టి మెత్తనోడు" అనడం లేదూ, అలాగే. "మా పాప చాలా డెలికేట్" అని మురిపెంగా చెబుతుంటాం కదా, ఆ డెలికేట్ 14వ శతాబ్దంలో లాటిన్ మూలం నుంచి వచ్చిన మాట. అప్పటికి నెష్ ఆ దేశంలో తరతరాలుగా ఉంది.

డి.హెచ్. లారెన్స్ 1913లో వచ్చిన ‘సన్స్ అండ్ లవర్స్’ నవలలో బొగ్గుగని కార్మికుడైన తండ్రి చేత ఈ మాట పలికించాడు. అంతకు ముందే ఇలాంటి మాటలన్నీ పోగుచేసినవాడు జోసెఫ్ రైట్. యార్క్‌షైర్ పేద కుటుంబం. ఆరేళ్లకే పనిలోకి వెళ్లాడు, తర్వాత మిల్లులో చేరాడు. పదిహేనేళ్లు వచ్చేదాకా చదవడం రాదు. అలాంటివాడు ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు, 1898 నుంచి 1905 వరకు ఇంగ్లీష్ మాండలికాల నిఘంటువును ఆరు సంపుటాలుగా తెచ్చాడు. తన ఊరి యాసను దాచుకోలేదు, దాన్నే చదువుగా మార్చుకున్నాడు. (సిలబస్ వెనకబడిందని చెప్పే రోజుల్లో నాకు ఈయనే గుర్తొస్తాడు.)

మన దగ్గరా ఆ పని జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా రైతుల నోటి మాటలు సేకరింపజేసి, 1962లో ‘మాండలిక వృత్తి పదకోశం’ మొదటి సంపుటం తెచ్చారు. అంతా వ్యవసాయ పదాలే.

ఇదంతా ఎందుకంటే, పేరెంట్స్ మీటింగ్‌లో ఈ మధ్య తరచు వింటున్నాను: "నానమ్మ దగ్గర యాస అంటుకుంటోంది మేడమ్, మాన్పించండి." క్లాసులో ఒకరి యాసకు ఇంకొకరు నవ్వితే నేను ఊరుకోను. ఇంట్లో మనమే నవ్వితే ఆ పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? శ్రీకాకుళం మాటైనా కరీంనగర్ మాటైనా ఇంగ్లీషుకు అడ్డం రాదు. రెండు మాటల తేడా పట్టుకోగలిగిన పిల్లలకు మూడోది నేర్పడం నాకైతే తేలికగానే ఉంటోంది.

ఈ నెల ఎనిమిదో తరగతికి ఒక ప్రాజెక్ట్ ఇస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, పుస్తకాల్లో కనిపించని పది మాటలు అర్థాలతో రాసుకురావాలి, పక్కన ఇంగ్లీషులో వివరణ కూడా రాయాలి. గూగుల్‌లో వెతికి ఇవ్వకండి. ఊళ్లో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో ఒక ఫోన్ కలిపి పిల్లల చేతికి ఇవ్వండి.