కాగితం అడగడం తప్పు కాదు



నరసన్నపేట చుట్టుపక్కల పల్లెల తల్లులు కొందరు, బిడ్డను బడిలో వేసేటప్పుడు పాత డిశ్చార్జి చీటీ పట్టుకొని మా దగ్గరకు వస్తుంటారు. "ఇది బర్త్ సర్టిఫికెట్ కాదమ్మా" అని చెప్పడం మాకు బాధగా ఉంటుంది.

1969 చట్టం ప్రకారం జననమైనా, మరణమైనా 21 రోజుల్లో తెలియజేయాలి. ఆసుపత్రిలో జరిగితే ఆ పని మాది. పేర్లు సరిగా చెప్పి, సర్టిఫికెట్ తెచ్చుకోవడం మీ పని. నమోదు కాకుండా ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 నుండి పుట్టిన పిల్లలకు బడిలో వయసు రుజువు ఈ కాగితమే. భర్త పోయిన ఆడబిడ్డకు పింఛను రావాలన్నా మరణ ధ్రువపత్రం ఉండాలి.

ఆఫీసులో "రేపు రండి" అంటుంటే ఊరకే తిరగకండి. మీ దరఖాస్తు ఎక్కడ ఆగిందో 2005 సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితంపై రాసి అడగండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. రసీదు తప్పక తీసుకోండి.

అడిగితే ఆఫీసరుకు కోపం వస్తుందని మనవాళ్లు జంకుతారు. అది వారి దయ కాదు, మన హక్కు. లూకా సువార్తలోని విధవరాలు న్యాయాధిపతి దగ్గరకు విసుగక వెళ్లింది. మనమూ మర్యాదగా, విసుగక అడుగుదాం.